తొమ్మిదో నంబరు పిస్తోలు

బార్నీ స్లోకం రోజూ ఉదయం ఏడింటికల్లా సామాన్ల గది తాళం తీసేవాడు. తలుపు తీయగానే గడ్డి కూరిన ఎలుగుబంటి ఒకటి రెండు చేతులూ చాచి ఎదురొచ్చేది. దాని చేతులకి తన కోటూ టోపీ తగిలించి, కాఫీ పొయ్యిమీద పెట్టి, ఆ పూట ఏ షూటింగ్ ఫ్లోరుకి ఏం కావాలో చీటీలు చదువుకునేవాడు. రెండో ఫ్లోరుకి పన్నెండు కొవ్వొత్తులు, ఒక ఉరితాడు. మూడో ఫ్లోరుకి ప్లాస్టరుతో చేసిన పెళ్ళికేకు. ఐదో ఫ్లోరుకి విరగ్గొట్టడానికి ఆరు కుర్చీలు, కూర్చోడానికి ఒకటి. హాలీవుడ్‌లో ఆ స్టూడియో మరీ పెద్దదీ కాదు, తీసిపారేయాల్సిందీ కాదు. పందొమ్మిదేళ్ళుగా అక్కడి సినిమాల్లో ఎవరు ఏం తాగినా, ఏం విసిరినా, ఎవర్ని దేంతో పొడిచినా, అదంతా బార్నీ చేతులమీదుగా వెళ్ళిందే.

చీటీలయ్యాక తుపాకులు తుడిచేవాడు. మొత్తం పన్నెండు పిస్తోళ్ళు. పదకొండింటి గురించి చెప్పుకోడానికి ఏమీ లేదు. దంతపు పిడి ఉన్న తొమ్మిదో నంబరు దాంట్లో మాత్రం, గుండు లేకుండా ఉత్త మందు కూరిన తూటా వేసి ఎవరి మీద గురిపెట్టినా ఠపీమని పేలేది గానీ, పట్టుకున్న మనిషికి ఎదుటి మనిషి మీద ప్రేమ ఉంటే పేలేది కాదు. మూకీ సినిమాల రోజుల్లో, తల్లి కొడుకుని కాల్చే సీన్లో నిజం తల్లినీ నిజం కొడుకునీ పెట్టినప్పుడు ఆ సంగతి బయటపడింది. గేటు పక్కన మూడో కుళాయి తిప్పితే ముందు ఎర్రనీళ్ళొస్తాయని ఎలా తెలుసో, స్టూడియోలో ఇదీ అందరికీ అలాగే తెలుసు.

మధ్యాహ్నం భోజనాల వేళ టైపిస్టు అమ్మాయిలు వచ్చేవాళ్ళు. "ఐదు నిమిషాలు బార్నీ. వాడు గేటు దగ్గరే ఉన్నాడు. ఉంగరం కొన్నాట్ట." బార్నీ తనే తూటా వేసి, పిస్తోలు అబ్బాయికిచ్చి, రంగుల షెడ్డు వెనక ఇద్దరినీ పదడుగుల దూరంలో నిలబెట్టి, తను తల పక్కకి తిప్పుకునేవాడు. కొందరు గంతులేస్తూ వెళ్ళేవాళ్ళు. కొందరికి గదిలో కూర్చోబెట్టి, కాఫీలో చక్కెర ఎక్కువ వేసి ఇవ్వాల్సి వచ్చేది.

అతని మీద దాన్ని ఎక్కుపెట్టింది మాత్రం ఒకేసారి. ఏడేళ్ళ కిందట స్టూడియో పిక్నిక్‌లో, అతని పెళ్ళాం లూసిల్, నవ్వుతూ, సరదాకి. ఆ చప్పుడుకి పక్క నారింజ తోటలో పిట్టలన్నీ లేచిపోయాయి. నాలుగు నెలల తర్వాత లూసిల్, పియానోలు శ్రుతిచేసే మనిషితో శాన్ డియాగో వెళ్ళిపోయింది. బార్నీ పిస్తోలుని ఏమీ అనలేదు. అది ఉన్న మాట చెప్పింది. అప్పట్నుంచి మాత్రం తుడిచేటప్పుడు కూడా దాని గొట్టం గోడవైపే ఉండేట్టు చూసుకునేవాడు.

1938 అక్టోబరులో ఆ స్టూడియోకి ఆర్లీన్ వోస్, డెస్మండ్ కెల్లర్ తిరిగొచ్చారు.

హీరో హీరోయిన్లుగా వాళ్ళిద్దరూ ఒకప్పుడు అక్కడే కలిసి మూడు సినిమాలు చేశారు. మూడూ దొంగలూ పోలీసులూ ప్రేమా కన్నీళ్ళూ కలిపినవే. మూడింట్లోనూ ఎవరో ఒకరు రెండోవాళ్ళని కాల్చాల్సి వచ్చేది, తొమ్మిదో నంబరు పేలేది కాదు. ఒక సీన్లో ఇరవైమూడు సార్లు మీట నొక్కినా పేలలేదన్న వార్త పత్రికలకెక్కి, అమెరికా అంతా పాకింది. జనం సినిమా చూడ్డానికి కాదు, పిస్తోలు పేలనివ్వని జంటని చూడ్డానికి వచ్చేవాళ్ళు. తర్వాత పోస్టరు మీద ఎవరి పేరు ముందుండాలన్న దగ్గర ఇద్దరికీ చెడింది. ఆరేళ్ళు మాటల్లేవు. ఈ మధ్యలో ఇద్దరికీ వేరే పెళ్ళిళ్ళూ అయ్యాయి, విడాకులూ అయ్యాయి. విడిగా చేసిన సినిమాలేవీ ఆడలేదు.

నిర్మాత ఓక్స్ ఇద్దరి పేర్లనీ పోస్టరు మీద గుండ్రంగా రాయించి, ఏది ముందో తెలీకుండా చేసి, ఒప్పించాడు. కొత్త కథలో ఆమె నగల దొంగ. అతను ఒకప్పుడు ఆమెకి జోడీ, తర్వాత ఆమెని పోలీసులకి పట్టించినవాడు. జైలు నుంచి రాగానే అతన్ని చంపాలని రేవుకి వస్తుంది. గుండెకి గురిపెట్టి మీట నొక్కుతుంది. చెయ్యి వణికి, పేలదు. పోలీసులు చుట్టుముడతారు. ఆమె అమాయకురాలని వాళ్ళని నమ్మించడానికి అతను ఆ పిస్తోలే లాక్కుని, ఆమెని బందీగా పట్టుకున్నట్టు ఆమె వైపే తిప్పి, గురి తప్పేట్టు కాలుస్తాడు. పోలీసుల గుండు తగిలి ఆమె ఒళ్ళో పోతాడు. ఓడ కూతతో సమాప్తం. స్టూడియో డబ్బంతా దీన్లోనే పెట్టారు. ఇది పోతే గేటుకి తాళమేనని నూటనలభై మందికీ తెలుసు.

ఓక్స్ శుక్రవారానికి పత్రికలవాళ్ళని పిలిచాడు. "వాళ్ళ కళ్ళముందే మీట నొక్కుతుంది. పేలదు. శనివారం పొద్దున పేపర్లలో అదే వార్త. సినిమా రాకముందే సగం గెలిచినట్టు."

మంగళవారం రిహార్సల్. ఆర్లీన్ పిస్తోలు ఎత్తింది. పదడుగుల దూరంలో డెస్మండ్ గుండె ముందుకి పెట్టి, ఎడమవైపు మొహం కెమెరాకి కనిపించేట్టు నిలబడ్డాడు. ఆమె మీట నొక్కింది.

ఠపీ!

పైన లైట్ల మంచెల మీద ఎవరి చేతిలోంచో గారెలాంటి డోనట్ ఒకటి కిందపడింది. ఇంకెవరూ కదల్లేదు. పొగలోంచి డెస్మండ్ గొంతు వచ్చింది.

"తేమేమో. ఇంకోసారి చూడు."

ఠపీ!

"ఆర్లీన్, నువ్వు అసలు నా వైపు చూస్తున్నావా?"

"నీ వైపే చూస్తున్నా డెస్మండ్. అందుకే పేలుతున్నట్టుంది."

డెస్మండ్ విసవిసా వచ్చి పిస్తోలు లాక్కున్నాడు. "నా చేతిలో పేలదు చూడు. నేను నీలా కాదు." గురిపెట్టాడు. ఆ చప్పుడు మిగతా రెండింటికన్నా పెద్దగా వచ్చింది. తన చేతిలో ఉన్నదాన్ని తనే నమ్మలేనట్టు చూసుకున్నాడు. ఆర్లీన్ తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

గంటలో ఓక్స్ సామాన్ల గదికి వచ్చాడు. ఎలుగుబంటికేసి ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. దానికి వినిపిస్తుందనేమో.

"శుక్రవారం అందులో మందు లేని తూటా వెయ్యి."

"అంటే?"

"అంటే ఏమిటి? ఖాళీ తూటా. ఎవరు నొక్కినా పేలకూడదు."

"అది ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు సార్."

"అది తుపాకీ, పాదిరీ కాదు. నూటనలభై మంది బార్నీ. వాళ్ళ పెళ్ళాలూ పిల్లలూ. నువ్వు అలా చెయ్యకపోతే ముందు తీసేది నీ పేరే." భుజం తట్టి వెళ్ళిపోయాడు.

బార్నీ ఆ సాయంత్రం తూటా విప్పి, మందు తీసేసి, మూత మళ్ళీ బిగించాడు. పైకి చూస్తే మంచి తూటాకీ దానికీ తేడా తెలీదు. దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు.

బుధవారం డెస్మండ్‌కి బదులు నిలబడే మనిషికి గవదబిళ్ళలొచ్చాయి. లైట్లు సర్దుతున్నంతసేపూ హీరో హీరోయిన్లని నిలబెట్టలేరు కదా. అందుకని వాళ్ళంత ఎత్తూ, వాళ్ళ రంగూ ఉన్నవాళ్ళు అక్కడ నిలబడేవాళ్ళు. డూపులంటే గుర్రాల మీంచి పడతారు, మేడల మీంచి దూకుతారు, నలుగురూ చప్పట్లు కొడతారు. వీళ్ళు ఊరికే నిలబడేవాళ్ళు. ఆర్లీన్‌కి బదులు నిలబడేది మేబెల్ ప్రూయిట్. కాన్సాస్ నుంచి వచ్చింది, ముప్పైఎనిమిదేళ్ళది. పదకొండేళ్ళుగా ఆ స్టూడియోలో ఏ హీరోయిన్ ఉంటే ఆమె రంగు గౌనుల్లోనే నిలబడింది. అన్నీ సరిగ్గా కుదిరాక "ఇక నువ్వెళ్ళు మేబెల్" అనేవాళ్ళు. ఒక్క సినిమాలోనూ ఆమె నీడ కూడా పడలేదు.

డైరెక్టర్ స్టాడ్లర్ చుట్టూ చూసి, "బార్నీ, నువ్వు కెల్లర్ ఎత్తే కదా. వచ్చి నిలబడు," అన్నాడు. "మేబెల్, పిస్తోలు ఎత్తు. ఓక్స్ ఏం చెప్పినా శుక్రవారం అది పేలక మానదు. కనీసం పొగ ఎటు పోతుందో చూసుకోనీ. నొక్కు."

మేబెల్ పిస్తోలు ఎత్తింది. "స్టాడ్లర్ గారూ, వేరే పిస్తోలుతో చూస్తే..."

"మెరుపు దీనిదే కావాలి. నొక్కు."

నొక్కింది. టిక్ మంది.

"మళ్ళీ."

టిక్.

బార్నీ గబగబా వచ్చి పిస్తోలు విప్పి చూశాడు. మంచి తూటానే. మందూ పొడిగా ఉంది. "ఏమైందో తెలీట్లేదు," అని గొణిగాడు. పైన మంచె మీదనుంచి లైట్ల మేస్త్రీ ఫ్లానరీ కిందకి వంగాడు.

"ఒరే బార్నీ! తప్పు తుపాకీది కాదురా, నాయనా."

మేబెల్ మొహం ఆర్లీన్ గౌను రంగులోకి తిరిగింది. గౌను ఎర్రది. పిస్తోలు నెమ్మదిగా అతని చేతిలో పెట్టి, "ఇక నేను వెళ్ళనా?" అని ఎవర్నని కాకుండా అడిగి, వెళ్ళిపోయింది.

క్యాంటీన్ వెనక బెంచీ మీద ఆమె గుడ్డు శాండ్‌విచ్ తింటుంటే బార్నీ వచ్చాడు.

"కూర్చోనా?"

"బెంచీ స్టూడియోది."

కూర్చున్నాడు. "ఆ తూటా మంచిదే. తర్వాత గోడమీద కాల్చి చూశా. పేలింది."

"బార్నీ, నువ్విప్పుడు నాతో మాట్లాడుతున్నావా, తుపాకీ రిపేరువాడితోనా?"

"ఎప్పట్నుంచి మేబెల్?"

"మొదటి గొడుగు అడిగిన రోజు నుంచి."

"ఎన్నో అడిగావు. ఏదని?"

"నలభై అడిగాను. ఈ ఊళ్ళో ఏడాదికి పట్టుమని ఇరవై రోజులు వాన పడదు. నలభై గొడుగులు దేనికని నీకెప్పుడూ అనుమానం రాలేదా?"

"సీన్లో వాన ఉందనుకున్నా."

మేబెల్ శాండ్‌విచ్ పక్కన పెట్టేసింది. నవ్వాలో ఏడవాలో ఆమెకే తెలిసినట్టు లేదు. "సరే. నా సంగతి ఊరంతా చూసింది. ఇప్పుడు నువ్వు. రేపు పొద్దున ఏడింటికి వస్తాను. అది నా మీద పెట్టి నొక్కు. పేలితే పేలుతుంది. నేను ఇంటికెళ్ళి తలస్నానం చేసి పడుకుంటా."

"వద్దు మేబెల్."

"పేలుతుందని భయమా?"

బార్నీకే ఆ సంగతి తెలీదు. ఏడేళ్ళుగా అతను తనలోకి తను తొంగి చూసుకోలేదు. అక్కడ ఏమైనా మిగిలి ఉందో, ఆ నారింజ తోట పిట్టలతోపాటే అంతా లేచిపోయిందో. నొక్కితే చప్పుడవుతుంది, ఆ చప్పుడు వినేది ఈసారి మేబెల్. ఒకసారి ఆ చప్పుడు విన్న మనిషి, అది ఇంకొకరికి ఎలా వినిపిస్తాడు? ఇదంతా చెప్పాల్సింది. చెప్పడం చేతకాక, "పని ఉంది," అన్నాడు.

"వెళ్ళు మరి," అంది మేబెల్. "గొడుగులు రేపు తెచ్చిచ్చేస్తా. ముప్పైఒకటి మా గదిలోనే ఉన్నాయి."

గురువారం పొద్దున, ఆకాశంలో మబ్బుతునక కూడా లేని ఎండలో, మేబెల్ ముప్పైఒక్క గొడుగులు రెండు చంకల్లోనూ ఇరికించుకుని స్టూడియో నడివీధిలోంచి నడిచొచ్చింది. సిగరెట్లు కాలుస్తున్న రోమను సైనికులు తప్పుకుని దారిచ్చారు. సామాన్ల గది కిటికీ బల్లమీద అన్నీ దించి, ఒకటీ రెండూ అని లెక్కైనా చూసుకోకుండా వెళ్ళిపోయింది. ఒక గొడుగు గుడ్డమీద ఎర్రదారంతో చిరుగు కుట్టిన గుర్తుంది. బార్నీ ఇచ్చినప్పుడు దానికి చిరుగుండేది. ఎప్పుడో కుట్టించి, తిరిగివ్వకుండా ఉంచుకుంది.

ఆ రోజంతా ఆ కిటికీ దగ్గరికి చాలామంది వచ్చారు. కుండీ అడిగారు, కత్తి అడిగారు, చిలక పంజరం అడిగారు. ప్రతిసారీ బార్నీ తల ఎత్తి చూశాడు. పదకొండేళ్ళుగా అలా తల ఎత్తి చూస్తూనే ఉన్నాడని, చూసింది ఎవరికోసమో ఇప్పుడే తెలుస్తోందని అతనికి అనిపించి, చేతిలోని పంజరం చిలకతో సహా కింద పెట్టి కాసేపు స్టూలు మీద కూర్చుండిపోయాడు. చిలక కూడా గడ్డి కూరినదే కాబట్టి ఏమీ అనలేదు.

మధ్యాహ్నం డెస్మండ్ కెల్లర్ వచ్చాడు. మేకప్ లేకుండా అతను కొంచెం అలిసిపోయిన స్కూలు మాస్టారిలా ఉన్నాడు.

"బార్నీ, నిజం చెప్పు. అది పాడైందా?"

"లేదు సార్."

"నా చేతిలో పేలింది. ఆరేళ్ళుగా నేను... అంటే, లోపల ఎక్కడో ఉందనే అనుకుంటూ బతికా. కోపం ఆమెది, ప్రేమ నాది అనుకున్నా. ఆ అనుకోడమే హాయిగా ఉండేది."

"అది ఆ క్షణం సంగతే చెబుతుంది సార్. రేపటి సంగతి దానికీ తెలీదు."

"మరి నేనేం చెయ్యను?"

"నాకేం తెలుసు సార్? మీరు ఆమెనేమన్నా అడిగారా?"

డెస్మండ్ ఇలాంటి వింత సలహా ఎప్పుడూ విననట్టు తల ఊపుతూ వెళ్ళాడు. నాలుగింటికి క్యాంటీన్లోంచి కేకలు వినిపించాయి. స్టూడియో అంతా కిటికీల దగ్గర పోగైంది. లోపల ఆర్లీన్ నిలబడి ఉంది, చేతిలో బన్ను.

"ఆరేళ్ళు! ఒక్క ఉత్తరం ముక్క లేదు!"

"రాశాను. చింపేశాను. నీ పేరు ముందు రాయాలా నా పేరు ముందు రాయాలా తెలీక!"

"ఉత్తరంలో ఎప్పుడూ అవతలివాళ్ళ పేరే ముందుంటుందయ్యా, దద్దమ్మా!"

బన్ను వెళ్ళి అతని సూపులో పడింది. డెస్మండ్ మొహమంతా టమాటో. అది తుడుచుకోకుండా అతను నవ్వడం మొదలుపెట్టాడు. ఎడమవైపు మొహం ఎటుందో కూడా చూసుకోకుండా నవ్వాడు. ఆర్లీన్ కుర్చీలో కూలబడి, చేతిరుమాలు అతని మీదకి విసిరింది. తర్వాత ఏం మాట్లాడుకున్నారో కిటికీల దగ్గరివాళ్ళకి వినపడలేదు. ఫ్లానరీ మాత్రం, ఇద్దరూ ఒకే సూపు తాగారని అందరికీ చెప్పాడు.

శుక్రవారం పొద్దున బార్నీ బల్లమీద రెండు తూటాలు పెట్టుకుని కూర్చున్నాడు. కుడివైపుది మందున్నది. ఎడమవైపుది ఖాళీది.

ఖాళీది వేస్తే అందరూ క్షేమం. నిన్నటి సూపు సంగతి నమ్మడానికి లేదు. ఆ ఇద్దరూ నటులు, వాళ్ళకి టమాటో కూడా పాత్రే. మందున్నది వేసి అది పేలితే, సాయంత్రానికి గేటుకి తాళం, తీసేసేవాళ్ళలో మొదటి పేరు తనది. ఎడమ తూటా చేతిలోకి తీసుకున్నాడు. పిస్తోలులోని తూటా గదిలోకి సగం దూర్చాడు కూడా.

అప్పుడు మేబెల్ గుర్తొచ్చింది. పిస్తోలు పట్టుకుని, వేరేది ఇమ్మన్నా వినకుండా నొక్కమంటే నొక్కిన మేబెల్. ఇవాళ ఇది ఒక్క అబద్ధమాడితే, బుధవారం నాటిది కూడా అబద్ధమేనేమోనని ఎవరైనా అనొచ్చు. బార్నీయే ఖాళీ తూటా వేశాడని అనొచ్చు. అరవైమంది ముందు ఆమె ఎర్రబడి నిలబడ్డ ఆ నిమిషం వట్టిదైపోతుంది. స్టూడియో పోతే ఇంకో స్టూడియో. ఆ నిమిషం పోతే అతని దగ్గర వేరేది లేదు.

ఎడమ తూటా తీసి కిటికీలోంచి బయటికి విసిరేశాడు. కుడిది వేశాడు. ఒకటి కాదు, ఆరు గదుల్లోనూ ఆరు.

పదింటికి పత్రికలవాళ్ళు దిగారు. ముందు వరుసలో మిసెస్ థ్రెల్‌కెల్డ్. టోపీ మీద చెర్రీపళ్ళ గుత్తి ఉన్న పెద్దావిడ. హాలీవుడ్‌లో ఎవరికి ఎవరితో చెడుతుందో, చెడేవాళ్ళకన్నా వారం ముందు ఆవిడకి తెలిసేది. ఓక్స్ బార్నీకి కన్ను గీటాడు. బార్నీ చెప్పుల కొసలు చూసుకున్నాడు.

ఆర్లీన్ పిస్తోలు ఎత్తింది. డెస్మండ్ గుండె ముందుకి పెట్టలేదు. మామూలుగా, రైలు కోసం చూసే మనిషిలా నిలబడ్డాడు. రెప్ప వాల్చలేదు. బార్నీ గోడకి ఆనుకున్నాడు.

టిక్.

ఆర్లీన్ ఉలిక్కిపడింది. అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయింది ఆవిడే. మళ్ళీ నొక్కింది. టిక్. "అయ్యో," అంది చిన్నగా, ఏదో పోగొట్టుకున్నదానిలా. డెస్మండ్ చూపంతా నీళ్ళతో మసకబారింది.

పెన్సిళ్ళు గీకుతున్న చప్పుడు మధ్య మిసెస్ థ్రెల్‌కెల్డ్ చెయ్యి ఎత్తింది. "చాలా బావుంది. కానీ అందులో అసలు మందుందని మాకేం నమ్మకం?"

ఓక్స్ మొహంలో రక్తం లేదు. "మేడం, మా మర్యాదనే శంకించడం..."

ఆర్లీన్ నెమ్మదిగా తిరిగింది. గది అంతా కలయజూసి, ఎవర్ని ఎంచుకోవాలో నిశ్చయించుకుని, పిస్తోలుని ఓక్స్ మీదకి తిప్పింది.

ఠపీ!

పొగ తేలిపోయేసరికి ఓక్స్ టేబులు కింద ఉన్నాడు. ఫ్లోరంతా చప్పట్లు. పాతికేళ్ళలో ఆ చప్పుడు అంత తీయగా ఎప్పుడూ వినిపించలేదని కెమెరామన్ తర్వాత అన్నాడు. మిసెస్ థ్రెల్‌కెల్డ్ టోపీ చెర్రీపళ్ళన్నీ ఊగేట్టు నవ్వుతూ టెలిఫోను కోసం పరిగెత్తింది. టేబులు కిందనుంచి ఓక్స్ బార్నీకేసి చూశాడు. తిట్టాలో, కాళ్ళకి మొక్కాలో తేల్చుకోలేక, "ఆరోగ్యం బానే ఉందా బార్నీ?" అన్నాడు.

పత్రికలవాళ్ళు వెళ్ళారు. ఆర్లీన్, డెస్మండ్ మొహాలు కడుక్కోడానికి వెళ్ళి, కలిసి వెళ్ళారు కాబట్టి, వెంటనే రాలేదు. పని ఆగకూడదు కదా. స్టాడ్లర్ గడియారం చూసుకున్నాడు.

"తర్వాతి షాట్‌కి లైట్లు కానివ్వండి. అతను పిస్తోలు లాక్కుని ఆమె వైపు తిప్పే ముక్క. మేబెల్! గవదబిళ్ళల మనిషి ఇంకా రాలేదు. బార్నీ, నువ్వే."

బార్నీ చేతిలో తొమ్మిదో నంబరు ఉంది. అప్పుడే ఆర్లీన్ దగ్గర తీసుకున్నాడు. ఇంకా మీట నొక్కి చూడని తూటాలు మూడు మిగిలున్నాయి.

"నాలుగో నంబరు తెస్తాను," అన్నాడు.

"చేతిలో ఉన్నదాంతో కానివ్వవయ్యా, లైట్లకే కదా."

మేబెల్ వచ్చి గుర్తు మీద నిలబడింది. అతన్ని చూడలేదు. అతని చెవి పక్కనున్న తాడుకేసి చూసింది. బార్నీ పిస్తోలు ఎత్తి ఆమె వైపు తిప్పాడు. గోడవైపు కాకుండా ఒక మనిషి వైపు దాన్ని తిప్పడం అతనికి జన్మలో మొదటిసారి.

"బావుంది," అన్నాడు స్టాడ్లర్. "చాలు, దించు."

"డైరెక్టర్ గారూ!" పైనుంచి ఫ్లానరీ గొంతు. "పొగ చూడలేదు మనం. ఇక్కడ పొగ ముఖ్యం."

"అవునవును," అన్నారు పైనున్నవాళ్ళంతా. ఎప్పుడూ ఒక్క మాటమీద నిలబడని మనుషులు.

"సరే, నొక్కు బార్నీ."

అతని నుదుటి చెమట కంట్లోకి దిగింది. మేబెల్ ఇప్పుడు అతన్నే చూస్తోంది. కళ్ళు మూసుకోలేదు. ఆమె గడ్డం కింద చిన్న మచ్చ ఉందని, అది లైట్లలో తెలియకుండా ఆమె ఎప్పుడూ తల కొంచెం వంచి నిలబడుతుందని, ఇవాళ వంచలేదని అతను చూశాడు. దేవుడా, పేలకు, అనుకున్నాడు. అంత గట్టిగా దేన్నీ కోరుకుని ఎన్నేళ్ళయిందో.

నొక్కాడు.

టిక్.

"మళ్ళీ," అన్నాడు స్టాడ్లర్, పొగ కోసం చూస్తూ.

టిక్. టిక్.

పైనెవరో ముక్కు చీదారు. ఫ్లానరీ టోపీ తీసి గుండెలకి ఆనించుకున్నాడు. స్టాడ్లర్ మాత్రం చేతిలో కాగితాలు కిందికి విసిరికొట్టాడు.

"వీళ్ళతో లాభం లేదు! అక్కడ ఆ ఇద్దరూ పేలనివ్వరు, ఇక్కడ ఈ ఇద్దరూ పేలనివ్వరు. ఈ స్టూడియోలో ఒకళ్ళంటే ఒకళ్ళకి పడని మనుషులు ఇద్దరు దొరకరా నాకు? మేకప్ వాళ్ళని పిలవండి! మీరిద్దరూ పోండి, పోయి భోంచెయ్యండి. ఇవాళంతా నా కళ్ళబడకండి."

బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది. ఆర్లీన్ ఎర్ర గౌనులో మేబెల్, పక్కనే పిస్తోలు స్టాడ్లర్‌కి అప్పగించి వచ్చిన బార్నీ, స్టూడియో వీధిలో నడిచారు. వెనక ఫ్లోరులోంచి ఠపీ ఠపీమని వరసగా చప్పుళ్ళు వినిపించాయి. మేకప్ వాళ్ళు దొరికినట్టున్నారు.

క్యాంటీన్ మెట్ల దగ్గర మేబెల్ ఆగింది.

"తుపాకీ చెప్పింది సరే. ఇప్పుడు నువ్వు నోరు విప్పి ఏదైనా చెప్పు."

బార్నీ ఖాళీ చేతులు జేబుల్లో పెట్టుకుని, మళ్ళీ తీశాడు. పందొమ్మిదేళ్ళలో ఎవరికి ఏ సామాను కావాలన్నా తడుముకోకుండా తీసిచ్చినవాడికి, ఒక్క మాట వెతుక్కోడానికి అంతసేపు పట్టింది.

"ఆదివారం ఏమైనా పనుందా మేబెల్?"

"పదకొండేళ్ళుగా ఆదివారాలు ఖాళీగానే ఉంచానయ్యా," అంది మేబెల్, అతని కోసం తలుపు తెరిచి పట్టుకుని.